గాయము మానిన తరువాత: రొమ్ము కాన్సరు రోగుల మనఃస్థితిపై పరిశోధనల చరిత్ర

శస్త్రచికిత్స ముగిసినది, కుట్లు విప్పిరి, గాయము మానినది, రోగి ఇంటికి పోవచ్చును. వైద్యశాల పుస్తకములో ఆ రోగి కథ అంతటితో ముగియును. కాని రోగి జీవితములో అసలు కథ అనేక సందర్భములలో అచటనే మొదలగును. వ్యాధి మరల వచ్చునేమోయను భయము, మారిన దేహమును అద్దములో చూచుకొనునపుడు కలుగు వ్యథ, భర్తతోను బిడ్డలతోను ఇరుగుపొరుగువారితోను ఇకమీదట ఎట్లు మెలగవలెనను సందేహము, ఇవి ఏ సూక్ష్మదర్శినికిని కనబడవు. రొమ్ము కాన్సరు విషయములో ఈ బాధలను కూడ కొలువవచ్చుననియు, తగ్గింపవచ్చుననియు వైద్యులు గుర్తించుటకు ఇరువదవ శతాబ్దములో సగము గడవవలసివచ్చెను. ఆ గుర్తింపు ఎట్లు కలిగెనో, దారిలో ఏయే భ్రమలు తలయెత్తి తొలగెనో తెలుపుటయే ఈ వ్యాసోద్దేశము.

ముందుగా ఒక మాటకు అర్థము తెలిసికొనవలెను. కాన్సరు గడ్డ రొమ్ములోనే ఉండి, లేదా దగ్గరగా చంకలోనున్న లింఫు గ్రంథుల వరకు మాత్రమే వ్యాపించి, ఎముకలు, కాలేయము, ఊపిరితిత్తులు మొదలగు దూరపు అవయవములకు చేరకుండినచో దానిని తొలిదశ అందురు. ఈ దశలో చికిత్స పొందినవారిలో అత్యధికులు నేడు దీర్ఘకాలము జీవించుచున్నారు. బ్రతుకు నిలిచిన కొలది, ఆ బ్రతుకు ఎట్లు గడచుచున్నదను ప్రశ్నకు ప్రాముఖ్యము పెరుగుట సహజము.

మత్తుమందు లేని కాలము

ఆంగ్ల నవలారచయిత్రి ఫానీ బర్నీకి 1811 సెప్టెంబరు 30న పారిస్ నగరములో రొమ్ము తొలగించిరి. శస్త్రచికిత్స చేసినవాడు నెపోలియన్ సైన్యమునకు శస్త్రవైద్యుడుగా ప్రసిద్ధికెక్కిన డొమినిక్ లారే. అప్పటికి మత్తుమందులు లేవు. ఆమె స్పృహలో ఉండగానే కత్తి పని ముగిసెను. కొన్ని నెలల తరువాత ఆమె ఇంగ్లండులోని తన సోదరి ఎస్తరునకు ఆనాటి అనుభవమునంతయు ఒక దీర్ఘలేఖలో వ్రాసెను. ఆ లేఖ ఒక్కనాట ముగియలేదు. వ్రాయుట మొదలిడి విడిచి, మరల మొదలిడి, నెలల తరబడి సాగెను. వ్రాసినదానిని తిరిగి చదువుకొనుటకు కూడ ధైర్యము చాలలేదని ఆమెయే తెలిపెను.

ఆ గడ్డ నిజముగా కాన్సరేనా యని నేటి వైద్యులు కొందరు సందేహించుచున్నారు. ఏమైనను ఆమె అటుపిమ్మట 28 సంవత్సరములకు పైగా జీవించి, 1840లో, 87 ఏండ్ల వయస్సున మరణించెను. శరీరమునకు తగిలిన గాయము కొన్ని వారములలో మానెను. మనస్సునకు తగిలినది నెలలు గడచినను పచ్చిగానే ఉండెను. ఈ రెండు గాయములు ఒకే వేగముతో మానవను సత్యమును వైద్యుల కంటె ముందుగా ఒక రోగియే వ్రాసి పెట్టెనని చెప్పవచ్చును.

హాల్‌స్టెడ్ పద్ధతి, దాని వెల

1846లో బోస్టను నగరమున ఈథరు మత్తుతో శస్త్రచికిత్స బహిరంగముగా ప్రదర్శింపబడెను. 1867లో జోసెఫ్ లిస్టరు గాయములు చీము పట్టకుండ కాపాడు క్రిమినాశక పద్ధతిని ప్రకటించెను. ఈ రెండును కలిసి శస్త్రవైద్యుని చేతికి ధైర్యము నిచ్చెను. అమెరికాలోని బాల్టిమోరు నగరమున, జాన్స్ హాప్కిన్స్ వైద్యశాలలో, విలియం హాల్‌స్టెడ్ అను శస్త్రవైద్యుడు రొమ్మును, దాని క్రిందనున్న ఛాతీ కండరములను, చంకలోని గ్రంథులను ఒకే ముద్దగా తొలగించు పద్ధతిని రూపొందించెను. కాన్సరు నీటిలోని అలవలె నడుమనుండి అంచులకు మెల్లమెల్లగా వ్యాపించుననియు, ఎంత విశాలముగా కోసివేసిన అంత మేలనియు ఆనాటి నమ్మకము. 1894లో ఆయన 50 మంది రోగుల వివరములను ప్రకటించుచు, కోసినచోటనే వ్యాధి మరల తలయెత్తినది ముగ్గురిలో మాత్రమేనని చూపెను. అంతకు పూర్వపు ఫలితములతో పోల్చిన ఇది గొప్ప విజయము. దాదాపు 80 సంవత్సరములు ఈ పద్ధతియే ప్రపంచమున రాజ్యమేలెను.

దీని వెల చెల్లించినవారు రోగులు. ఛాతీ ఒకవైపు గుంటపడి ప్రక్కటెముకలు పైకి తేలెడివి. చంకలోని గ్రంథులు పోవుటచే చేయి వాచి బరువెక్కెడిది. భుజము బిగిసి, తల దువ్వుకొనుట, పైయరనుండి గిన్నె దించుట వంటి పనులు కూడ కష్టమయ్యెడివి. కాని ఫలితములను లెక్కించు పట్టికలలో ఇవి లేవు. ఎందరు బ్రతికిరి, ఎందరికి వ్యాధి తిరిగివచ్చెను అను రెండు గడులే అందుండెను. బ్రతికినవారు ఎట్లు బ్రతుకుచున్నారో వ్రాయుటకు గడి లేకపోయెను.

దీనికి తోడు మరియొక ఆచారము కలదు. రొమ్ములో గడ్డతో వచ్చిన స్త్రీకి మత్తునిచ్చి, గడ్డలోని ముక్కను తీసి అప్పటికప్పుడే పరీక్షించెడివారు. కాన్సరని తేలినచో, ఆమెను మేల్కొలుపకయే రొమ్మును తొలగించెడివారు. మత్తులోనికి పోవునపుడు, లేచునాటికి రొమ్ము ఉండునో ఉండదో ఆమెకు తెలియదు. మేల్కొనిన పిదప మొదట ఛాతీపై చేయి వేసి తడవి చూచుకొనుటయే ఆమెకు తెలుపబడు వార్త.

వ్యాధి పేరును కూడ అనేకులకు చెప్పెడివారు కారు. 1961లో డొనాల్డ్ ఓకెన్ అను వైద్యుడు చికాగోలోని ఒక వైద్యశాలకు చెందిన వైద్యులను ప్రశ్నించి, నూటికి 90 మంది రోగికి కాన్సరని చెప్పకుండుటకే మొగ్గుచున్నారని ప్రకటించెను. ఇది నిర్దయ కాదు. నిజము చెప్పినచో రోగి ఆశ వదలుకొనునని వారి భయము. తెలుగునాట రాచపుండు, రాచకురుపు అని పిలువబడిన ఈ వ్యాధి పేరును పెద్దలు గొంతు తగ్గించి పలుకుట ఆ భయమునకు సోదరియే. కాని పేరు దాచినంత మాత్రమున భయము దాగదు. ఇంటివారి ముఖములలోని మార్పును రోగి చదువగలదు. చదివిన దానిని ఎవరితోను చెప్పుకొనజాలదు.

మొదటి ప్రశ్నలు

1950 తరువాత న్యూయార్కులోని మెమోరియల్ వైద్యశాలలో ఆర్థర్ సదర్లాండ్ అను మనోవైద్యుడు, ఆయన సహచరులు కాన్సరు రోగులతో దీర్ఘముగా సంభాషించి, వారి మాటలను క్రమపద్ధతిలో నమోదుచేయ నారంభించిరి. 1952లో రిచర్డ్ రెనెకర్, మాక్స్ కట్లర్ అనువారు రొమ్ము కాన్సరు రోగుల మానసిక సమస్యలపై అమెరికను వైద్యసంఘపు పత్రికలో ఒక వ్యాసము ప్రకటించిరి. 1955లో మార్టన్ బార్డ్, సదర్లాండ్ కలిసి రొమ్ము తొలగించిన స్త్రీలు ఆ మార్పునకు అలవాటుపడు విధమును వర్ణించిరి. వేదన శస్త్రచికిత్సతో మొదలగుట లేదు, గడ్డ చేతికి తగిలిన నాటనే మొదలగుచున్నది. ఇల్లు చేరినంతనే ముగియుటయు లేదు. ఒక్కొక్క స్త్రీ పూర్వజీవితము, కుటుంబ సంబంధములు, తన దేహమును గూర్చి తన కున్న భావము, వీటిని బట్టి ఆ వేదన రూపు మారుచున్నది. నేడు సాధారణముగా తోచు ఈ సంగతి నాటి శస్త్రవైద్యులకు క్రొత్త.

అదే 1952లో అదే నగరమున టెరీస్ లాసర్ అను గృహిణికి హాల్‌స్టెడ్ పద్ధతిలో రొమ్ము తొలగించిరి. చేయి ఎట్లు కదల్పవలెను, ఏ బట్ట కట్టుకొనవలెను, భర్తతో ఏమని మాటాడవలెను అని అడిగిన ఆమెకు తృప్తికరమైన సమాధానము దొరకలేదు. కోలుకొనిన పిమ్మట ఆమె తన వంటి రోగుల మంచముల కడకు స్వయముగా పోవ మొదలిడెను. త్రాటికి కట్టిన చిన్న బంతితో చేయి వ్యాయామములు నేర్పెను. రొమ్ము స్థానమున తాత్కాలికముగా అమర్చుకొను మెత్తను ఇచ్చెను. అన్నిటికి మించి, తాను బ్రతికి తిరుగుచున్నానను సంగతిని కండ్లయెదుట నిలిపెను. కొందరు శస్త్రవైద్యులు దీనిని సహింపలేదు; కొన్ని వైద్యశాలలు ఆమెను లోనికి రానీయలేదు. అయినను పని నిలువలేదు. ‘రీచ్ టు రికవరీ’ అను ఆ సేవను 1969లో అమెరికను కాన్సరు సంఘము తన కార్యక్రమముగా స్వీకరించెను. 1974లో అది ఐరోపాకు చేరెను.

ఈ సేవకు విమర్శయు లేకపోలేదు. అమెరికను కవయిత్రి ఆడ్రి లార్డ్ 1978లో రొమ్ము కోల్పోయెను. మెత్తను అమర్చుకొని ఏమియు జరుగనట్లు కనబడవలెనని ఇతరులు ఒత్తిడి చేయుటను ఆమె 1980లో వెలువడిన తన గ్రంథమున తీవ్రముగా నిరసించెను. లోపమును దాచుటయు, దుఃఖమును దాటుటయు ఒకటి కావని ఆమె వాదము. మెత్త కావలెనను స్త్రీకి అది అందవలెను. వద్దను స్త్రీని బలవంతపెట్టరాదు. నేటి వైద్యము ఈ రెండు మాటలను అంగీకరించుచున్నది.

చిన్న కోత తెచ్చిన మార్పు

ఇంతలో హాల్‌స్టెడ్ సిద్ధాంతమునకే సవాలు ఎదురయ్యెను. లండనులో జెఫ్రీ కీన్స్ 1920 ప్రాంతముల నుండి చిన్న కోతతో పాటు రేడియము కిరణములను ప్రయోగించి మంచి ఫలితములు సాధించెను. క్లీవ్‌లండు నగరములో జార్జి క్రైల్ 1955 నుండి పెద్ద కోతను విడిచిపెట్టెను. పిట్స్‌బర్గునకు చెందిన బెర్నార్డ్ ఫిషర్, కాన్సరు కణములు మొదటినుండియే రక్తములో చేరి దూరము పోవచ్చునని వాదించెను. అట్లయినచో కోత ఎంత పెద్దదైనను ఆ కణములను పట్టలేదు. వాదము తేలుటకు ఆయన 1971లోను, 1976లోను రెండు పెద్ద పరీక్షలు ప్రారంభించెను. చీట్లు వేసినట్లుగా రోగులను వర్గములుగా విభజించి వేరువేరు చికిత్సల నిచ్చి, ఫలితములను సంవత్సరముల తరబడి పోల్చుట ఈ పరీక్షల పద్ధతి. ఇటలీలోని మిలాను నగరమున ఉంబెర్టో వెరొనేసి 1973 నుండి 1980 వరకు 701 మంది స్త్రీలతో ఇట్టి పరీక్షనే నడపెను. 1981లో వెరొనేసి, 1985లో ఫిషర్ ప్రకటించిన ఫలితములు ఒక్కటే: తొలిదశలో రొమ్మును నిలిపి, గడ్డను మాత్రము తొలగించి కిరణచికిత్స ఇచ్చినను ఆయుర్దాయము తగ్గుట లేదు. 2002లో ఈ ఇరువురును ప్రకటించిన 20 ఏండ్ల ఫలితములు దీనినే స్థిరపరచెను.

మార్పు వైద్యుల చేతనే రాలేదు. 1974లో అమెరికా అధ్యక్షుని భార్య బెట్టీ ఫోర్డ్ తనకు రొమ్ము కాన్సరుకు శస్త్రచికిత్స జరిగినదని దాచక ప్రకటించుటతో, వేలకొలది స్త్రీలు పరీక్షకై వైద్యుల కడకు పోయిరి. అదే ఏట రోజ్ కుష్నర్ అను పత్రికారచయిత్రి, గడ్డ పరీక్ష వేరుగా, శస్త్రచికిత్స వేరుగా జరుగవలెనని పట్టుపట్టెను. అనేకమంది శస్త్రవైద్యులు ఒప్పుకొనకపోయినను ఆమె తన పట్టు విడువలేదు. 1979లో అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థలు జరిపిన సభలో ఆమెయు సభ్యురాలు. పరీక్షకును, శస్త్రచికిత్సకును నడుమ వ్యవధి ఉండవలెననియు, హాల్‌స్టెడ్ పద్ధతి ఇక ప్రామాణికము కాదనియు ఆ సభ నిర్ణయించెను. అదే 1979లో జరిగిన మరియొక విచారణలో, నూటికి 97 మంది వైద్యులు రోగికి నిజము చెప్పుటకే ఇష్టపడిరి. పద్దెనిమిదేండ్లలో వచ్చిన ఈ తలక్రిందుల మార్పు చరిత్రలో అరుదైనది.

రొమ్ము నిలిచినచో మనోవ్యథయు తీరునని అందరు ఆశించిరి. కాని ఇంగ్లండులో లెస్లీ ఫాలోఫీల్డ్, ఆమె సహచరులు 1986లోను, 1990లోను ప్రకటించిన పరిశోధనలలో, రొమ్ము తొలగింపబడినవారిలోను, నిలిచినవారిలోను ఆందోళనయు కుంగుబాటును ఇంచుమించు సమానముగా కనబడెను. దేహముపై గల భావము రొమ్ము నిలిచినవారిలో మెరుగుగా నుండునని ఇతర పరిశోధనలు చూపినవి. కాని కాన్సరు వచ్చినదను భయమును చిన్న కోత తొలగింపలేదు. రోగికి ఎన్నుకొను అవకాశమిచ్చు వైద్యుల కడ చికిత్స పొందినవారిలో మాత్రము కుంగుబాటు తక్కువగా నుండెను. కత్తి ఎంత కోసినదనుట ఒక్కటే కాదు, వైద్యుడు ఎంత వివరించెననుటయు లెక్కలోనికి వచ్చెను.

ఇక్కడ తెలుగువారికి సంబంధించిన ఒక విషయము కలదు. శస్త్రచికిత్స తరువాత మిగిలియుండగల కణములను చంపుటకు మిలాను నగరపు జియాన్ని బొనడొన్న మూడు మందులను కలిపి ఇచ్చి, 1976లో మేలైన ఫలితములు ప్రకటించెను. ఆ మూడింటిలో ఒకటియగు మెథోట్రెక్సేటు, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో రూపొందినది. ఔషధచికిత్స అనేక ప్రాణములను నిలిపినది. కాని వాంతులు, నిస్త్రాణ, జుట్టు రాలుట అను క్రొత్త కష్టములను కూడ తెచ్చినది. బట్టల మాటున దాగిన వ్యాధి జుట్టు రాలుటతో లోకమునకు తెలియుటచే, సంఘములో మెలగుట మరింత కష్టమయ్యెను.

బాధను కొలిచినవారు

మాంచెస్టరులో పీటర్ మగ్వయిర్ 1978లో ప్రకటించిన పరిశోధన ఒక మైలురాయి. రొమ్ము కాన్సరుకు శస్త్రచికిత్స జరిగిన 75 మందిని, కాన్సరు కాని గడ్డలు గల 50 మందిని ఆయన ఏడాది పాటు పరిశీలించెను. ఏడాది చివర మొదటి వర్గములో నూటికి 25 మందికి ఆందోళనకో కుంగుబాటుకో చికిత్స అవసరమయ్యెను. రెండవ వర్గములో అట్టివారు నూటికి 10 మంది మాత్రమే. దాంపత్యజీవితములో చెప్పుకోదగిన ఇబ్బందులు మొదటి వర్గములో నూటికి 33 మందికి, రెండవ వర్గములో 8 మందికి కలిగెను.

1980లో ఆయన బృందము మరియొక మెట్టు ఎక్కినది. ప్రత్యేక శిక్షణ పొందిన నర్సు కొందరు రోగుల ఇండ్లకు పోయి మాటాడి, ధైర్యము చెప్పి, వారి స్థితిని గమనించుచుండెను. ఆమె మాటలు కుంగుబాటు రాకుండ ఆపలేకపోయెను. కాని కుంగినవారిని ఆమె గుర్తింపగలిగెను. సహాయము అవసరమైనవారిలో నూటికి 76 మందిని గుర్తించి మనోవైద్యుని కడకు పంపెను. నర్సు లేని వర్గములో అట్లు గుర్తింపబడినవారు 15 మందియే. ఫలితముగా 12 నుండి 18 నెలల తరువాత మానసిక రుగ్మత మొదటి వర్గములో నూటికి 12 మందికి, రెండవ వర్గములో 39 మందికి మిగిలెను. ఓదార్పు మంచిదే, కాని ఎవరికి చికిత్స కావలెనో కనిపెట్టుట అంతకంటె మేలు చేసెను.

ఈ బాధ ఎంతకాలముండును? లండనులో తొలిదశ కాన్సరుకు చికిత్స పొందిన 222 మందిని ఐదేండ్లు పరిశీలించి కరోలిన్ బర్జెస్ మున్నగువారు 2005లో దీనికి సమాధానమిచ్చిరి. మొదటి ఏట దాదాపు సగము మందిలో కుంగుబాటో ఆందోళనయో కనబడెను. రెండు, మూడు, నాలుగవ ఏడులలో అది నాలుగవ వంతునకు, ఐదవ ఏట నూటికి 15 మందికి దిగెను. మనసు విప్పి మాటాడుకొనుటకు ఆప్తులు లేనివారిలోను, వయస్సులో చిన్నవారిలోను బాధ హెచ్చు. అనగా అత్యధికులు క్రమముగా కోలుకొందురు. కాని కొందరు కోలుకొనుటకు చేయూత కావలెను.

పోరాటపటిమ కథ

1979లో లండనులోని కింగ్స్ కాలేజి వైద్యశాలకు చెందిన స్టీవెన్ గ్రీర్, టీనా మారిస్ మున్నగువారు తొలిదశ కాన్సరు గల 69 మందిపై పరిశోధన ప్రకటించిరి. వ్యాధిని ఎదిరింతునను పట్టుదల గలవారును, వ్యాధిని లక్ష్యపెట్టనివారును, నిస్సహాయులైనవారి కంటె, మౌనముగా తలవంచినవారి కంటె ఎక్కువమంది ఐదేండ్ల తరువాత క్షేమముగా నుండిరని వారు కనుగొనిరి. ఈ వార్త ప్రపంచమంతట ప్రాకెను. ధైర్యముగా నుండిన కాన్సరు లొంగునను మాట జనులలో పాతుకొనెను.

విజ్ఞానశాస్త్రమున ఒక చిన్న పరిశోధన తీర్పు కాదు, ప్రశ్న మాత్రమే. 69 మందిని నాలుగు వర్గములుగా పంచినచో ఒక్కొక్క వర్గమున మిగులువారు కొద్దిమంది. యాదృచ్ఛికముగా కలుగు తేడాలు కూడ పెద్దవిగా కనబడును. కావున మాగీ వాట్సన్, గ్రీర్ మున్నగువారే మరల పూనుకొని, 578 మంది తొలిదశ రోగులను పరిశీలించి 1999లో ఫలితములు ప్రకటించిరి. పోరాటపటిమ ఆయువును పెంచినట్లు కనబడలేదు. నిస్సహాయభావము హెచ్చుగా గలవారి ఫలితములు కొంత తక్కువగా నుండెను. తీవ్రమైన కుంగుబాటు గలవారిలోను మరణములు ఎక్కువగా కనబడినను, వారి సంఖ్య స్వల్పమగుటచే దానిని జాగ్రత్తగా గ్రహింపవలెనని వారు తెలిపిరి. 2002లో మార్క్ పెటిక్రూ మున్నగువారు అప్పటివరకు వచ్చిన పరిశోధనలనన్నిటిని సమీక్షించి, రోగి మనోవైఖరి ఆయువును నిర్ణయించుననుటకు తగిన ఆధారము లేదని తేల్చిరి. ముదిరిన దశలోనున్న రోగుల విషయములోను ఇట్లే జరిగెను. బృందసంభాషణ ఆయువును పెంచునని 1989లో డేవిడ్ స్పీగెల్ చూపిన ఫలితము, 2001లో పామెలా గుడ్విన్ 235 మందితో నడపిన పరీక్షలో కనబడలేదు. బాధయు నిరుత్సాహమును మాత్రము తగ్గెను.

తన మొదటి ఫలితమును తానే మరల పరీక్షించి, సరిపడలేదని ప్రకటించుటకు పరిశోధకునికి నిజాయితీ కావలెను. దీనివలన రోగులకు కలిగిన మేలు చిన్నది కాదు. ధైర్యమే మందైనచో, వ్యాధి తిరిగివచ్చిన స్త్రీ ధైర్యము చాలనిదని అర్థము వచ్చును. వ్యాధి దుఃఖమునకు తోడు నేరము మోపుట జరుగును. ఏడ్చుటవలన కాన్సరు పెరుగదు, నవ్వుటవలన కరుగదు. రోగి ఏడ్వదలచినచో ఏడ్వవచ్చును.

నేటి స్థితి

1977లో మెమోరియల్ స్లోన్ కెటరింగ్ కాన్సరు కేంద్రమున జిమ్మీ హాలండ్ అను మనోవైద్యురాలు ప్రత్యేక మనోవైద్య విభాగమును నెలకొల్పెను. కాన్సరు రోగుల మనస్సును గూర్చిన శాస్త్రమునకు ఆమెను తల్లిగా భావింతురు. ‘మానసిక రోగము’ అను మాటకు జనులు జంకుదురని గ్రహించి, ఆమెయు ఆమె సహచరులును ‘క్లేశము’ అను అర్థమిచ్చు సామాన్యమైన మాటను ఎన్నుకొనిరి. జ్వరమును కొలిచినట్లే క్లేశమును 0 నుండి 10 వరకు గుర్తించు ఉష్ణమాపకపు బొమ్మ వాడుకలోనికి వచ్చెను. గడచిన వారములో ఎంత క్లేశపడితివని అడిగినచో రోగి ఒక అంకెపై వ్రేలుంచును. హాల్‌స్టెడ్ నాటి పట్టికలో లేని గడి ఈ విధముగా ఏర్పడెను.

భారతదేశమున స్త్రీలకు వచ్చు కాన్సరులలో నేడు రొమ్ము కాన్సరుదే మొదటిస్థానము. మన ఇండ్లలో ఈ వ్యాధితో పాటు కొన్ని అపోహలు కూడ ప్రవేశించును. కొందరు రోగికి వేరుగా కంచము, గ్లాసు పెట్టుదురు. కాన్సరు అంటువ్యాధి కాదు; కలిసి తినుటవలన గాని, బిడ్డను ఒడిలోనికి తీసికొనుటవలన గాని రాదు. కూతురి పెండ్లికి అడ్డమగునని తల్లి వ్యాధిని దాచుట కలదు. వంశపారంపర్యముగా సంక్రమించు రొమ్ము కాన్సరు నూటికి 5 నుండి 10 మందిలో మాత్రమే. అట్టి శంక ఉన్నచో వైద్యుని అడిగి తెలిసికొనవచ్చును. దాచుటవలన చికిత్స ఆలస్యమగును, తొలిదశ చేజారును.

తరగతిలో ఒక విద్యార్థి తల్లికి ఈ వ్యాధి వచ్చినదని తెలిసినచో, ఉపాధ్యాయునికి ఈ చరిత్ర ఉపయోగపడును. పరామర్శకు పోయి పూర్వజన్మకర్మలను ఎంచుట, ధైర్యముగా ఉండకున్న ప్రమాదమని హెచ్చరించుట రెండును తగవు. ఆమె చెప్పదలచినది వినుట, ఇంటిపనిలో ఒక చేయి వేయుట, నెలల తరబడి నిద్రాహారములు మాని కుంగియున్నచో వైద్యునికి తెలుపుట, ఇవి ఎవరైనను చేయగల పనులు. ఆ కుంగుబాటునకు చికిత్స కలదు. దానిని అడుగుట బలహీనత కాదు.